ఎరుపు వెలిసిపోయిన ఏడాది

చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో మా నాన్న పెట్టిన ఫొటో స్టూడియోను ఆయన పోయాక నేనే నడిపాను. పెళ్లి చేసుకోలేదు. దానికి పెద్ద కథేమీ లేదు. నాన్న మంచాన పడ్డ ఏళ్లలో స్టూడియో చూసుకునేవాళ్లు ఇంకెవరూ లేరు, ఆయన పోయాక నన్ను అడిగేవాళ్లు లేరు. పక్కనే అశోక్‌నగర్‌లో సందుకో కోచింగ్ సెంటరు. గ్రూప్స్ పరీక్షలకు దరఖాస్తు పెట్టుకునే పిల్లలంతా పాస్‌పోర్ట్ సైజు ఫొటోలకు నా దగ్గరికే వచ్చేవారు. ముహూర్తాలున్న నెలల్లో పెళ్లి ఆల్బమ్‌లు చేసేదాన్ని. ఇల్లు గడిచింది వాటితోనే. కానీ నేను కెమెరా పట్టుకున్నది వాటి కోసం కాదు.

రంగులంటే నాకు పిచ్చి. ఆదివారం పొద్దున్నే మార్కెట్లో పూలు దిగే వేళకు కెమెరా మెడలో వేసుకుని వెళ్లేదాన్ని. తడి గోనెపట్టాల మీద బంతిపూలు గుమ్మరిస్తుంటే, ఆ పసుపు పక్కన గోనె గోధుమరంగు ఎంత అందంగా కనిపించేదో చెప్పలేను. వానాకాలం మొదట్లో బోనాల ఘటాల మీద పసుపు, దాని మీద ఇంకా ఆరని కుంకుమ. భాద్రపదం చివర తంగేడు, గునుగు పూలు. ఎండలు ముదిరాక ఇందిరా పార్కు గోడ మీదుగా రోడ్డు మీదికి వాలిన, ఎర్రగా పూసిన తురాయి కొమ్మలు. క్యాలెండర్ చూడకుండా కెమెరాలో పడ్డ రంగును బట్టి ఏ నెలో చెప్పగలిగేదాన్ని. ఎండాకాలం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే మనిషి ఈ ఊళ్లో ఎవరైనా ఉన్నారంటే నేనే.

2009లో మా బావ గుండె ఆగి చనిపోయాడు. అక్కకు పిల్లలు లేరు. మహబూబ్‌నగర్‌లో వాళ్లున్న ఇల్లు బావ అన్నదమ్ములకు కావాల్సి వచ్చింది. ఒక ట్రంకుపెట్టె, రెండు గిన్నెల మూటలతో అక్క నా దగ్గరికి వచ్చేసింది. అశోక్‌నగర్‌లో మురుగునీటి నాలా దగ్గర రెండో అంతస్తులో నేను కిరాయికి ఉంటున్న ఇల్లు అది. వచ్చిన కొన్నాళ్లు గోడవైపు తిరిగి పడుకునేది. తరువాత ఒక మధ్యాహ్నం నేను అన్నానికి ఇంటికి వచ్చేసరికి ట్రంకుపెట్టె తెరిచి, పాతచీరలన్నీ నేల మీద పరిచి, మధ్యలో కూర్చుని ఉంది.

“ఏం చేస్తున్నవ్ అక్కా?”

“బొంత కుడుత. ఏదో ఒకటి చేయకపోతె పిచ్చెక్కేటట్టున్నది.”

అమ్మ కట్టిన నారాయణపేట చీరలు, అక్క పెళ్లినాటివి, చిరిగినవి, వెలిసినవి, అన్నీ ముక్కలు చేసి ఒకదాని పక్కన ఒకటి పేర్చేది. చిలకపచ్చ పక్కన ఇటుకరంగు పెట్టి, కాసేపు చూసి, తీసేసి, వంకాయరంగు పెట్టేది. కుట్టు మీద కుట్టు, వరస పక్కన వరస, దారం గుడ్డలోకి దిగుతూ లేస్తూ ఉండేది. పూర్తయిన ప్రతి బొంతనూ మేడ మీద తీగ మీద ఆరేసి, ఎండ ఏటవాలుగా పడే వేళకు నేను ఫొటో తీసేదాన్ని. నాలా పక్క బస్తీలో మా జిల్లా నుంచే వచ్చిన మేస్త్రీ పనివాళ్లు ఉండేవారు. వాళ్ల ఇళ్లలో బాలింతలుంటే అక్క చిన్న బొంతలు కుట్టి ఇచ్చేది. ఆ బొంతల్లో పడుకున్న పసిపిల్లల ఫొటోలు కూడా తీశాను. ఎప్పటికైనా ఒక హాలు తీసుకుని ఆ ఫొటోలన్నీ పెద్దవి చేసి గోడలకు తగిలించాలని, కింద అసలు బొంతలు పరచాలని అనుకున్నాం. అక్క ఆ మాటకు నవ్వేది.

“బొంతలు చూడనీకి హాలుకు ఎవరొస్తరే? కప్పుకొని పండుకుంటరు గని.”

కానీ ఆ నవ్వు చూస్తే ఆమెకూ ఇష్టమేనని తెలిసేది. బావ పోయాక అక్క నవ్వింది ఆ విషయానికే.

2011 వానాకాలంలో నాకు దగ్గు పట్టుకుంది. సాయంత్రాలు సన్నగా జ్వరం. గాజులు మోచేతి దాకా జారేవి. ఆ రోజుల్లో ప్రత్యేక రాష్ట్రం కోసం బంద్‌లు, ధర్నాలు ఎక్కువ. సగం రోజులు షట్టర్ దించే ఉండేది కాబట్టి విశ్రాంతి దొరికిందిలే అనుకున్నాను. తగ్గలేదు. ఎక్స్‌రే చూసి డాక్టరు టీబీ అన్నాడు. మందులు క్రమం తప్పకుండా వాడితే నయమైపోతుందని, భయం లేదని చెప్పాడు. నిజంగానే నయమైంది. అది మాత్రం చెప్పాలి. ఆ మందుల వల్లే ఈ రోజు బతికి ఉన్నాను.

మాత్రలు మొదలుపెట్టిన మర్నాడు మూత్రం నారింజరంగులో వచ్చింది. కన్నీళ్లు తుడుచుకుంటే తెల్లచున్నీకి అదే రంగు అంటింది. డాక్టరు ముందే చెప్పాడు కాబట్టి భయపడలేదు. అక్కకు చూపించి, “చూడు, నా లోపల కూడ రంగులే ఉన్నయి” అన్నాను. అక్క నవ్వలేదు. ఆ రోజు నుంచి నా కంచం, గ్లాసు వేరు చేయమని నేనంటే ఆమె వినలేదు. వేడినీళ్లతో కడిగి మళ్లీ అదే గూట్లో పెట్టేది.

దగ్గు తగ్గింది. ఒళ్లు చేసింది. ఎక్స్‌రేలో మచ్చ ఇంకా పూర్తిగా పోలేదని మందులు మరికొన్ని నెలలు పొడిగించారు. మాఘమాసం ముహూర్తాలు వచ్చాయి. బర్కత్‌పురలో ఒక పెళ్లి ఒప్పుకున్నాను. ఆ పెళ్లి తీస్తున్నప్పుడే ఏదో తేడాగా అనిపించింది. పెళ్లికూతురి చీర మంచి ఎరుపు అని అందరూ అంటున్నారు. నాకది ఇటుకపొడి చల్లినట్టు కనిపించింది. మంటపం లైట్ల వల్ల అనుకున్నాను. స్టూడియోలో కంప్యూటర్ మీద చూస్తే ఇంకా వెలిసినట్టుంది. లెన్సు తుడిచాను. మానిటర్ పాతబడిందనుకుని మెకానిక్‌ను పిలిచాను. అతను తీగలన్నీ పీకి మళ్లీ పెట్టి, “మంచిగనే ఉన్నదక్కా” అని వెళ్లిపోయాడు. నేను నమ్మలేదు. చీర నాకు ఎర్రగా కనిపించేదాకా ఫొటోల్లో ఎరుపు పెంచుకుంటూ పోయాను.

ఆల్బమ్ ఇచ్చిన కొద్దిరోజులకు పెళ్లికూతురి తండ్రి స్టూడియోకు వచ్చాడు. పెద్దమనిషి, గొంతు పెంచలేదు. ఆల్బమ్ బల్ల మీద తెరిచి పెట్టాడు.

“ఏందమ్మా ఇది? పిల్ల మొఖం చూడుండ్రి. నిప్పుల కాల్చినట్టు ఉన్నది. అందరి మొఖాలు గట్లనే ఉన్నయి.”

నేను చూశాను. నాకు ముఖాలు మామూలుగానే కనిపించాయి. ఇంకొంచెం పాలిపోయినట్టు కూడా అనిపించాయి. ఆయన మొహంలోకి చూశాను. అబద్ధం చెప్పే మనిషి కాదు. మళ్లీ చేసిస్తానని చెప్పాను. ఆయన వెళ్లాక బల్ల మీద ఆ ఆల్బమ్ పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. ఏ పేజీలో తప్పు ఉందో నాకు తెలియలేదు.

ఇంట్లో ఏమీ చెప్పలేదు. మర్నాడు అక్క బొంత కుడుతూ, తల ఎత్తకుండానే చెయ్యి చాపింది.

“ఆ ఎర్రదారం ఇయ్యి.”

పక్కనున్న డబ్బాలోంచి ఒక ఉండ తీసి ఇచ్చాను. అక్క చేతిలోకి తీసుకుని ఆగింది.

“ఎర్రది అడిగిననే.”

“ఇచ్చిన కద.”

“ఇది కాఫీరంగుదే.” దారాన్ని, నన్ను మార్చి మార్చి చూసింది. “జర ఇటు రా. ఈ డబ్బాల ఎర్రది ఏదో చూపియ్యి.”

నేను డబ్బాలోకి చూశాను. ఒకే మట్టిరంగు ఉండలు కొన్ని, పసుపు ఒకటి, నీలం రెండు. మట్టిరంగు వాటిలో వేలు పెట్టి ఒకటి తీశాను. అక్క దాన్ని నా చేతిలోంచి తీసుకుని డబ్బాలో పడేసి, మూత పెట్టింది. సూది బొంతకు గుచ్చి లేచింది.

“ఎన్ని దినాల సంది?”

“తెల్వది. చలికాలం సంది అనుకుంట.”

“నడువు. ఇప్పుడే పోదాం.”

అక్షరాలు కూడా మసకగా కనిపిస్తున్నాయని చెబితే కంటి డాక్టరు చుక్కల బొమ్మలున్న పుస్తకం ముందు పెట్టాడు. రంగురంగుల చుక్కల మధ్య ఒక అంకె దాగి ఉంటుందట, చదవమన్నాడు. మొదటి పేజీ చదివాను. తరువాతి పేజీలో చుక్కలు తప్ప ఏమీ లేదు. ఆయన పేజీ తిప్పాడు. చుక్కలు. ఇంకో పేజీ. చుక్కలే. పక్క కుర్చీలో అక్క కూర్చుని ఉంది. ఒక పేజీ దగ్గర తల తిప్పి చూశాను. ఆమె పెదవులు కదులుతున్నాయి. అంకె ఆమెకు కనిపిస్తోంది. నేను చూస్తున్నానని తెలిసి పెదవులు మూసుకుని, కిటికీ వైపు తిరిగింది.

నేను వాడే మాత్రల్లో ఒకటి కొందరికి కంటినరం మీద పడుతుందని డాక్టరు చెప్పాడు. ముందు ఎరుపు, ఆకుపచ్చ పోతాయన్నాడు. ఆ మాత్ర ఆపేయించి, ఛాతీ డాక్టరుతో మాట్లాడి వేరేది రాయించాడు.

“మల్ల వస్తదా సార్?” అక్క అడిగింది.

“చాలామందికి వస్తుందమ్మా. కొంతమందికి పూర్తిగా రాదు. చూద్దాం, కొన్ని నెలలు పడుతుంది.”

“ఆమె ఫొటోలు తీస్తది సార్,” అంది అక్క. ఆ మాట వింటే ఆయన ఇంకేదైనా మంచి మందు రాస్తాడన్నట్టు చెప్పింది. ఆయన తల దించుకుని చీటీ మీద ఏదో రాస్తూ ఉండిపోయాడు.

ఆ ఎండాకాలం ఇందిరా పార్కు దగ్గరికి వెళ్లాను. తురాయి పూసింది. పూసిందని ఎలా తెలిసిందంటే, కింద రోడ్డు మీద రేకలు పడి ఉన్నాయి. చెట్టు మీద ఆకులూ పూలూ కలిసిపోయి, దుమ్ముపట్టిన గుడ్డ ఒకటి కప్పినట్టుంది. నా పక్కన ఒక కాలేజీ అమ్మాయి సెల్‌ఫోన్ ఎత్తి ఫొటో తీసుకుంటోంది. దోమలగూడ మలుపు దాకా నడిచి, అక్కడ ఒక అరుగు మీద కూర్చుని ఏడ్చాను. ఏడుపు ఆగాక తిరిగి స్టూడియోకు వెళ్లి షట్టర్ ఎత్తాను. ఫొటోలకు పిల్లలు వచ్చి నిలబడి ఉన్నారు.

ఆ తరువాత అక్క మధ్యాహ్నాలు స్టూడియోకు రావడం మొదలుపెట్టింది. కంప్యూటర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. నేను ఫొటో తెరిస్తే ఆమె చెప్పేది.

“ఆ పిల్ల రైక పచ్చది. చెట్టు పచ్చ గాదు, మామిడికాయ పచ్చ.”

“మొఖం?”

“జర ఎర్రగున్నది. తగ్గియ్యి. ఇంక. ఇంక జర. ఆ, గంతే.”

కొన్నాళ్లు అలా నడిచింది. చిన్న పెళ్లిళ్లు రెండు మూడు చేశాం. ఎవరూ ఫిర్యాదు తేలేదు. నారాయణగూడ ల్యాబ్‌కు వెళ్లి ప్రింట్లు అక్కే తెచ్చేది. అక్క కట్ట విప్పి చూసి, “మంచిగొచ్చినయి” అనేది. నా కళ్లు కూడా కొంచెం తేరుకున్నాయి. అక్షరాల మసక పోయింది. పసుపు, నీలం పూర్వంలాగే ఉన్నాయి. ఆకుపచ్చ కొంత తిరిగొచ్చింది. ఎరుపు కూడా వస్తుందిలే అనుకున్నాను. ఇద్దరం కలిసి పని చేసుకోగలమని, హాలు సంగతి మళ్లీ ఆలోచించవచ్చని ఒకరోజు అన్నాను కూడా. అక్క “చూద్దాం తీ” అని లేచి టీ పెట్టడానికి వెళ్లింది.

2013లో, వానలు పడుతున్న రోజుల్లో, అక్కకు జ్వరం వచ్చి ఇంట్లో ఉండిపోతే ప్రింట్ల కోసం నేనే ల్యాబ్‌కు వెళ్లాను. ల్యాబ్ నడిపే ఆయన నాన్న కాలం నుంచి తెలిసిన మనిషి. నన్ను చూసి కుర్చీ వేశాడు.

“అక్క రాలే?”

“జ్వరమొచ్చింది. ప్రింట్లు అయినయా అన్నా?”

“ఇయ్యాల ఇంక మొదలువెట్టలే. అక్క ఫోన్ చేస్తదని చూస్తున్న.”

“ఫోన్ ఎందుకు?”

ఆయన తడబడ్డాడు. చేతిలో ఉన్న గుడ్డతో కౌంటర్ అద్దం తుడిచాడు.

“అంటే... మీరు పంపినంక అక్క చెప్తది గద, ఏ ఫొటో ఎట్ల సరిచేయాల్నో. నేను మొత్తం మల్ల కూసొని చేస్త. ఊరికె పరేషాన్ గాకుండ్రి, నాకేం తక్లీఫ్ లేదు.”

“మొత్తమా?”

“ఎక్కువ శాతం.” గుడ్డ మడతపెట్టి, “మీ నాయిన మాకు చానా చేసిండు” అన్నాడు.

ఆయన వేసిన కుర్చీలోంచి లేచి బయటికి వచ్చాను. వానలో నారాయణగూడ చౌరస్తా దాకా నడిచి, ఆటో ఎక్కి ఇంటికి వెళ్లాను. అక్క దుప్పటి కప్పుకుని గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నా తడిబట్టలు చూసి లేవబోయింది.

“నేను చేసిందంత ఆయన మల్ల చేస్తుండట గద.”

అక్క మళ్లీ కూర్చుంది.

“నా పక్కన కూసొని మంచిగున్నది, మంచిగున్నది అంటివి. అవన్ని అబద్ధాలేనా?”

“నేను చెప్పినట్టు చేస్తవు, మంచిగనే ఉంటది. నేనిట్ల లేవంగనే నువ్వు మల్ల ఎరుపు పెంచుతవు. నాకెరుకనే. నీకు తక్కువ కొడుతది, నీ చెయ్యి ఆగది.”

“చెప్పాలె గద.”

“ఏమని చెప్పాలె?” అక్క గొంతు పెరిగింది. “నీకిది రాదు, మానుకో అని చెప్పాల్నా? నా నోట రాలే. బావ పోయినంక నేను గోడ దిక్కు తిరిగి పండుకుంటి, యాదికున్నదా? నువ్వు గట్ల పండుకుంటవని భయమైంది నాకు.”

నేను తడిబట్టలతోనే గడప దగ్గర కూర్చుండిపోయాను. కోపం చాలాసేపు ఉంది. అది అక్క మీద కోపం కాదని అప్పుడే తెలుసు, కానీ చూపించడానికి ఇంకెవరూ లేరు. ఆ రెండు రోజులు ఇద్దరం మాట్లాడుకోలేదు. జ్వరంతోనే ఆమె అన్నం వండింది. నేను తిన్నాను. మూడో రోజు నేనే ఆమె మంచం దగ్గర కూర్చుని, ఇక పెళ్లిళ్లు ఒప్పుకోనని చెప్పాను.

“నీ ఇష్టం,” అంది. ఆపైన, “ఇప్పుడు అడుగు. ఏదడిగినా ఉన్నదున్నట్టు చెప్త,” అంది.

మేడ మీద తీసిన ఆమె బొంతల ఫొటోలు తెచ్చి ముందు పెట్టాను. జబ్బుకు ముందు తీసినవి. వాటిలో ఎరుపు ఉందని నాకు తెలుసు. ఎక్కడెక్కడ ఉందో కూడా జ్ఞాపకం. అమ్మ చీర అంచు ఎరుపు, దాని పక్కన ఇటుకరంగు. వాటిని చూస్తూ ఆ ఎరుపును గుర్తు తెచ్చుకోవాలని చూశాను. నేను గుర్తు చేసుకుంటున్నది రంగునా, లేక ఎరుపు అన్న మాటనా అన్నది తేలలేదు. అదే నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. కళ్లు పోగొట్టుకున్న రంగును మనసైనా దాచి ఉంటుందనుకున్నాను. అది కూడా వెలుస్తోంది.

“ఇది ఎట్లుంటదే అక్కా?” అడిగాను.

ఆమె ఫొటోను దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది.

“ఎట్ల చెప్పాలె,” అంది చివరికి. “ఎర్రగుంటది.”

ఆమె ఉన్నదున్నట్టే చెప్పింది. అంతకంటే చెప్పడానికి ఆమె దగ్గర కూడా ఏమీ లేదు.

ఆ ఏడాది చివర పెద్ద కెమెరా, లెన్సులు అడిక్‌మెట్‌లో కొత్తగా స్టూడియో పెట్టుకుంటున్న ఒకతనికి ఇచ్చేశాను. అతను లెన్సు మూత తీసి, వెలుతురులో తిప్పి చూసి, చాలా జాగ్రత్తగా వాడారని మెచ్చుకున్నాడు.

రాష్ట్రం వచ్చిన రోజున అక్క నన్ను బలవంతంగా బయటికి తీసుకెళ్లింది. నారాయణగూడ చౌరస్తా అంతా జనం. డప్పులు, టపాసులు, లారీల మీద పిల్లలు. గుప్పిళ్లతో గులాబీరంగు గులాల్ పొడి గాల్లోకి చల్లుతున్నారు. అది నాకు సిమెంటు దుమ్ములా కనిపించింది. అందరి తలల మీద, భుజాల మీద ఆ దుమ్మే పడుతోంది, అందరూ నవ్వుతున్నారు. ఎవరో ఒకావిడ నా రెండు చెంపలకూ గులాల్ పూసి కౌగిలించుకుంది. నేనూ ఆమెను పట్టుకున్నాను. సంతోషం లేక కాదు. ఆ రోజు కోసం నేనూ ఏళ్ల తరబడి షట్టర్ దించినదాన్నే. ఆడవాళ్లు కొందరు గుండ్రంగా చేరి చప్పట్లు కొడుతూ పాడుతుంటే అక్క కూడా వెళ్లి కలిసింది. బావ పోయాక ఆమె అలా కాళ్లు కదపడం నేను చూడలేదు. మూసి ఉన్న ఒక దుకాణం మెట్టు మీద నిలబడి ఆమెనే చూస్తూ ఉన్నాను.

ఇంటికి వచ్చాక అక్క బాల్చీ ముందు కూర్చుని తల మీద నీళ్లు పోసుకుంది. నేను చెంబుతో అందిస్తున్నాను. నీళ్లు ఆమె మెడ మీదుగా జారి తూము వైపు పోతున్నాయి.

“ఇంక పోతున్నదా రంగు?” కళ్లు మూసుకునే అడిగింది.

నేను నీళ్ల వైపు వంగి చూశాను. మురికినీళ్లో, రంగునీళ్లో తేడా తెలియలేదు.

“నాకు తెల్వదక్కా,” అన్నాను.

అక్క కళ్లు తెరిచింది. నా చేతిలోని చెంబు తీసుకుని, తానే కిందికి చూసుకుంటూ, నీళ్లు తేటపడేదాకా పోసుకుంది.